వంటింటి నేలకు నీళ్లు

మా వంటింట్లో టైల్సు లేచిన చప్పుడు విని ముందు గ్యాసు బండ పేలిందనుకున్నాం. జులేఖా చేతిలో గరిటెతోనే వీధిలోకి పరిగెత్తింది. నేను పొయ్యి దగ్గరకే పరిగెత్తాను, అదీ నా తెలివి. తీరా చూస్తే పొయ్యి తన మానాన తాను మండుతోంది, పప్పు ఉడుకుతోంది. నేల మధ్యలో మాత్రం రెండు పలకలు ఒకదానికొకటి ఆనుకుని చిన్న గుడారంలా లేచి నిలబడ్డాయి. వాటికి మూరెడు దూరంలో మరియమ్మ అక్క చేతిలో పచ్చడి బండతో పీట మీద అలాగే కూర్చుండిపోయింది. రోట్లో గోంగూర సగం నలిగి ఉంది.

దుబాయ్‌లో సత్వా అనే పేటలో మేముండేది ఒక పాత ఇంటి వెనక భాగం. ఒక గది, వసారా, ఎనిమిదడుగులకి మించని వంటిల్లు. ముగ్గురం ఆడవాళ్లం, ముగ్గురిదీ గోదావరి జిల్లాలే. మరియమ్మ అక్కది అమలాపురం దగ్గర, అరవై దాటింది, అరబ్బుల ఇళ్లలో వంటలు చేసి చేసి మోకాళ్లు అరిగి, ఇప్పుడు ఇద్దరు ముగ్గురు తెలిసిన వాళ్లకి పచ్చళ్లు, పొడులు చేసిస్తోంది. జులేఖాది కాకినాడ, మా ఇద్దరికంటే బాగా చిన్నది, ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. నేను సత్యవతిని, తణుకు పక్క నుంచి వచ్చాను, ఒక తెలుగు ఆఫీసరు గారింట్లో వంట చేస్తాను. వచ్చి పాతికేళ్లయింది. మొదటి ఇంట్లో పని మానేసి, కొత్త వీసా అయి, చేతిలో ఒక సంచీతో ఎక్కడికెళ్లాలో తెలియక నిలబడితే, చర్చి దగ్గర మాట కలిపి, ఏ ఊరని అడిగి, అన్నం పెట్టి తనతో ఉంచుకున్నది మరియమ్మ అక్కే. మాంసం వేసి మచ్‌బూస్ అన్నం వండడం, లబన్ మజ్జిగకి తోడుపెట్టడం, మేడమ్ కోపంగా ఉన్నప్పుడు ఎదురుపడకుండా ఉండడం, అన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

చప్పుడు విని ఇంటి వాచ్‌మన్, అంటే ఇక్కడి మాటలో నాతూర్, బషీర్ భాయ్ కూడా వచ్చాడు. లేచిన పలకల్ని చూశాడు, రోలు చూశాడు, మరియమ్మ అక్క చేతిలో బండ చూశాడు. పోలీసులకైనా అంత త్వరగా కేసు తేలదు. "అమ్మా, యే పత్థర్ కా కామ్ హై," అన్నాడు. రోజూ రాయితో దంచితే నేల ఊరుకుంటుందా అని తల అడ్డంగా ఊపాడు. ఇంటి యజమాని తరఫున ఇళ్లు చూసే ముదీర్ మరో రెండు వారాల్లో వస్తున్నాడట. ఇల్లు పాడుచేసుకున్న వాళ్లకి అద్దె కాగితం మళ్లీ రాయడట. "మీరే బాగు చేయించుకోండి, లేకపోతే ఖాళీ చేయాలి, ఖలాస్," అని హిందీలో చెప్పి, పాపం తనకీ బాధగానే ఉన్నట్టు, గేటు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లాడు.

మరియమ్మ అక్క రోట్లో పచ్చడి తీసి గిన్నెలో పెట్టింది. రోలు కడిగి, తుడిచి, పాత దుప్పటిలో చుట్టింది. ఆ రోలు ఆవిడ ఇరవయ్యేళ్ల కిందట ఊరి నుంచి విమానంలో మోసుకొచ్చింది, దాని కోసం రెండు చీరలు ఇంట్లో వదిలేసి వచ్చింది.

"నా రాయి సేసిన పని ఇది," అంది. "నా మూలాన మీరిద్దరూ రోడ్డున పడకూడదు. నేల బాగుసేయించి, ముదీరు వచ్చి సూసేక నేను ఎల్లిపోతాను. ఎలాగూ మోకాళ్లు పోయేయి. ఇంకెన్నాళ్లుంటాను ఇక్కడ."

"ఎక్కడికెళ్తావు పెద్దక్కా?" అంది జులేఖా.

"మా తమ్ముడింటికి."

"అక్కడ నేను చుట్టాన్నే అని నువ్వే అన్నావు కదా."

"చుట్టాలకీ అన్నం పెడతారులే," అంది అక్క. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాటి నుంచి పచ్చడి మిక్సీలో వేయడం మొదలుపెట్టింది. ఆ పచ్చడి తింటుంటే ఉప్పు, కారం, పులుపు దేనికది విడిగా తగిలేవి.

నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఎందుకంటే ఆ నేల పాడైంది రాయి వల్ల కాదని నాకు ముందు నుంచీ అనుమానం. సెలవు రోజు వచ్చిందంటే వంటిల్లు కడగడం నా పని. ఇక్కడ అందరూ తడిగుడ్డ కర్రకి చుట్టి తుడిచేస్తారు, నాకది ఎంగిలి చేత్తో మొహం తుడుచుకున్నట్టుంటుంది. రెండు బకెట్లు, ఒక్కోసారి నాలుగు బకెట్లు గుమ్మరించి, చీపురుతో రుద్ది, వైపర్‌తో మూలకి లాగితేగాని నా ప్రాణం కుదుటపడదు. అది నీళ్లు పోసి కడగడానికి వేసిన నేల కాదు. నీళ్లు మూలనున్న తూము జాలి వైపు పోకుండా కుళాయి దగ్గరే నిలబడేవి. కొన్ని నెలలుగా అక్కడ పలక మీద కాలు వేస్తే కిందనుంచి చిత్తడి చప్పుడు వినిపించేది. విని కూడా ఇంకో బకెట్టు పోసేదాన్ని.

మనిషికి ఏదో ఒక పిచ్చి ఉంటుంది, నాది నేలకు నీళ్లు పోసే పిచ్చి. అది ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మ సూరమ్మ గచ్చు పని చేసేది. సిమెంటు మా వైపు ఇంకా అన్ని ఇళ్లలోకీ రాని రోజులు. కాస్త కలిగిన వాళ్ల ఇళ్లలో సున్నంతో నేల వేయించుకునేవాళ్లు, దాన్నే గచ్చు అనేవాళ్లం. ముందు ఇటుక ముక్కలు పరిచి దిమ్మిసతో గట్టిగా కొట్టేవాళ్లు. ఎద్దు తిప్పే గానుగలో సున్నం, ఇసుక వెన్నలా నూరి తెచ్చేవాళ్లు. అందులో కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేది అమ్మ. ఆ కొలత ఆమె చేతికే తెలుసు, ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఆ తర్వాత ఆడవాళ్లు నలుగురైదుగురు వరసగా గొంతుకూర్చుని చెక్కలతో కొట్టడం మొదలుపెడితే రోజుల తరబడి ఆ చప్పుడే. కొట్టిన చెక్క నేలకి అంటుకోకుండా ఎగిరిపడేదాకా కొట్టాలి. చివర్న ఏటి రాయితో పామి పామి నునుపు చేస్తే, మొహం కనిపించే నేల తయారయ్యేది. పని జరుగుతున్న ఇంట్లోకి వెళ్తే సున్నం ఘాటు, బెల్లం పాకం వాసన కలిసి కొట్టేవి. ఇప్పటికీ ఇక్కడ ఖర్జూరాల బస్తా విప్పితే ఆ వాసనలో సగం వస్తుంది, రెండో సగం కోసం ముక్కు వెతుక్కుంటుంది.

పని రోజుల్లో అమ్మ చేతులు సున్నం తిని పచ్చిపుండ్లలా ఉండేవి. సాయంత్రం ఆముదం రాసుకుని, రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చునేది. కారం తగిలితే మంటెత్తిపోతుంది కాబట్టి అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. మా నాన్న రైసుమిల్లులో బస్తాలు మోసి వచ్చి పక్కన కూర్చుని, "నీ కూతురు నీకు అమ్మైపోయింది," అని వేళాకోళం చేసేవాడు. అమ్మ నోటి నిండా ముద్ద పెట్టుకుని నవ్వేది. నేను చూసినంతలో ఆమె బాగా సంతోషంగా ఉన్నది ఆ సమయాల్లోనే.

గచ్చు వేశాక అసలు పని నీళ్లది. పది రోజుల పాటు నేల మీద గోనెపట్టాలు పరిచి, పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉండాలి. సున్నం తొందరగా ఎండకూడదు, తీరికగా గట్టిపడాలి. "దానికి దాహం తెలవనీకూడదే," అనేది అమ్మ. ఆ తడిపే పని నాకు అప్పగించేది. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆ వేసవి సెలవుల్లో ప్లీడరు గారింట్లో వంటింటికి గచ్చు వేసింది అమ్మ. ప్లీడరు గారి అమ్మాయి కల్యాణి నా క్లాసే. బెంచీ మీద నా పక్కనే కూర్చునేది. మా అమ్మ ఏం పని చేస్తుందో నేనెప్పుడూ చెప్పలేదు. మొదటి నాలుగు రోజులూ కల్యాణి అమ్మమ్మగారింట్లో ఉండటంతో బకెట్టు పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్లి, పట్టాలు తడిపి, వచ్చేసేదాన్ని. అయిదో రోజు పొద్దున్న పెరటి తలుపు దగ్గరికి వెళ్లేసరికి వసారాలో కల్యాణి, మా క్లాసు పిల్లలు మరో ఇద్దరు గవ్వలాడుతున్నారు. వాళ్లు నన్ను చూడలేదు. నేను చూశాను. వెనక్కి తిరిగి కాలవ గట్టుకి వెళ్లి, ఖాళీ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. సాయంత్రం కూడా అంతే. మర్నాడూ అంతే. ఇంటికొచ్చి, తడిపానని చెప్పాను. వడగాడ్పు కొడుతున్న రోజులు. ఏడో రోజు ధైర్యం చేసి వెళ్తే గోనెపట్టాలు అప్పడాల్లా బిగిసి ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ పూట ఆరు బకెట్లు పోశాను.

పట్టాలు తీసిన రోజు అమ్మ వెంట నేనూ వెళ్లాను. నేలంతా వెంట్రుకల్లాంటి పగుళ్లు, వల పరిచినట్టు. ప్లీడరు గారి భార్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. వెనక తలుపు పక్కన కల్యాణి ఉంది.

"ఏమే సూరమ్మా, బెల్లం అంతా ఇందులో కలిపావా, సగం మూటగట్టి ఇంటికి పట్టుకెళ్లావా?" అంది ఆవిడ.

మా అమ్మ తల వంచుకుంది. "తప్పైపోయిందమ్మగారూ. మళ్లీ వేసిత్తాను," అంది. అంతే. బెల్లం తియ్యలేదనలేదు. ఆ పగుళ్లున్న గచ్చు తవ్వి, కూలి తీసుకోకుండా మళ్లీ వేసింది. కాని మాట వీధిలోకి వెళ్లిపోయింది, నోట్లో నువ్వుగింజ నానని వీధి మాది. అప్పటి నుంచి ఆమె పేరు బెల్లం సూరమ్మ. ఆ పేరుతో గచ్చు పనికి పిలిచిన వాళ్లు తక్కువ. తర్వాత సిమెంటు వచ్చింది, అసలు ఎవరినీ పిలవాల్సిన పని లేకుండా పోయింది. అమ్మ ఇటుక బట్టీకి వెళ్లింది, హాస్టల్లో అంట్లు తోమింది. నేను చదువు పదో తరగతితో ఆపేశాను, పెళ్లయింది, ఆయన పోయాడు, దుబాయ్ వచ్చాను. ఇన్నేళ్లలో ఏ రోజూ ఆ రెండు రోజుల సంగతి అమ్మతో అనలేదు. ఈసారి వెళ్లినప్పుడు చెప్పాలి అనుకునేదాన్ని. వెళ్లేదాన్ని, పక్కన పడుకునేదాన్ని, ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లం, వచ్చేసేదాన్ని.

కరోనా రెండోసారి ఊపేసినప్పుడు అమ్మ మా చెల్లెలి దగ్గర ఉంది. మూడు రోజుల జ్వరం. వెళ్తే మళ్లీ ఇక్కడికి రానివ్వని రోజులవి, విమానాలు ఆగిపోయాయి. ఫోనులో చూపించారు. ఊరి నుంచి ఒక పెద్దాయన పలకరించడానికి ఫోన్ చేసి, "బెల్లం సూరమ్మ గారు పోయారంట కదమ్మా, మంచి మనిషి," అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆయనకి తెలిసి ఉండదు, ఏదో తియ్యటి మనిషి అని వచ్చిందనుకుని ఉంటాడు. నాకు ఏడుపు రాలేదు. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లి నేల కడిగాను. మరియమ్మ అక్క గుమ్మంలో నిలబడి చూసి, బకెట్టు అందించింది. ఆ తర్వాత నా కడుగుడు మరీ ఎక్కువైంది. పని నుంచి రాగానే కడిగేదాన్ని, పోయేముందు కడిగేదాన్ని. నేల పాడవడానికి రాయి కారణమట.

మేస్త్రీని పిలిచి నేల వేయించుకునే తాహతు మాకు లేదు. మనమే వేసుకుందాం అన్నది జులేఖా. ఫోనులో వీడియోలు చూసి, "ఏముందక్కా, బిస్కెట్లు పేర్చినట్టే," అంది. సత్వాలో టైల్సు అమ్మే కొట్లు కోకొల్లలు. ఒక పఠాన్ కొట్లో, పెద్ద పెద్ద ఇళ్లకి వేయగా మిగిలిపోయిన పలకలు కొట్టు వెనక గుట్టగా పోసి ఉంటాయి, చవగ్గా ఇస్తాడు. ఒక రకానివి పది దొరకవు, అంతే. మరియమ్మ అక్క మా ఇద్దరి దగ్గరా పైసా తీసుకోలేదు. క్రిస్మస్‌కి ఊరెళ్లడానికి టిక్కెట్టు కోసం దాచుకున్నది తీసింది. "ఎలాగూ ఒకేసారి ఎల్లిపోతాను కదా," అంది. నేను ఆ నోట్లు లెక్కపెట్టి ఆవిడకే ఇచ్చాను.

ఒక శనివారం పొద్దున్న అక్క, జులేఖా కలిసి పలకలు, వాటిని అంటించే గమ్ము తేవడానికి వెళ్లారు. పాత టైల్సు ఊడదీయడం నా వంతు. పొయ్యి వసారాలో పెట్టి, చుట్టుపక్కల వాళ్లకి చప్పుడవుతుందని చెప్పి, సుత్తి, ఉలి పట్టుకుని కూర్చున్నాను. కుళాయి వైపు పలకలు ఉలి తగిలించేసరికే చేతిలోకి వచ్చేశాయి. కింద ఇసుక నల్లగా, మురుగు కంపు కొడుతూ, పిండితే నీళ్లు కారేలా ఉంది. గుడారంలా లేచిన చోటి దాకా ఆ తడి పాకి ఉంది. రోలు పెట్టే మూలకి వచ్చాను. అక్కడి పలక ఎంత కొట్టినా రాలేదు. చివరికి ముక్కలు ముక్కలుగా పగలగొట్టి తీస్తే కింద ఇసుక పొడిగా, తెల్లగా, వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఇరవయ్యేళ్ల దంపుడుకి ఆ మూల చెక్కు చెదరలేదు.

నేను చేసింది చెప్తే మీరు ఛీ అంటారు. గబగబా పారతో ఆ పొడి ఇసుక తవ్వి, తడి ఇసుకలో కలిపేశాను. అంతా ఒకలాగే ఉండేలా తిరగేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదు కదా అని చెమట తుడుచుకున్నాను. వాళ్లొచ్చాక అక్క ఆ నల్లటి కుప్ప చూసి, "అమ్మో, ఎంత పాడుసేసేనే," అంది. ఆ మాట నా చెవిలో అమ్మ గొంతుతో వినపడింది. అయినా ఆ రోజు కూడా నేను చెప్పలేదు.

ఇసుకంతా తోడేసి, రెండు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. ఆ వారమంతా వసారాలోనే వండుకుని, గది నిండా పోపు వాసనతో పడుకున్నాం. తర్వాతి శనివారం సిమెంటు, ఇసుక కలిపి నేల నింపాం. పాత కర్టెన్ రాడ్డుతో మట్టం లాగాం. నేను జాలి వైపుకి కాస్త వాటం పెట్టాను. అమ్మ అయితే చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి చూసేది, చెంబుడు నీళ్లు పోసి అవి ఎటు పోతాయో చూసేది. నేనూ చెంప ఆనించి చూశాను. సిమెంటు వాసనకి దగ్గు వచ్చింది తప్ప ఏమీ తెలియలేదు. అమ్మకి పది రోజులు పట్టే నేల మాకు రెండు రోజుల్లో అయిపోతుందని కొట్టు పఠాన్ చెప్పాడు. గమ్ము పూసి పలక పెట్టాలి, పలకకీ పలకకీ మధ్య అగ్గిపుల్లంత సందు వదలాలి, ఒక రోజు తొక్కకూడదు, అంతే. అప్పటి నేలకి అయిదుగురి చేతులు పుళ్లు పడేవి. ఇప్పుడు ప్లాస్టిక్ చేతితొడుగులు వేసుకుని చేస్తున్నాం. చేతులు బాగానే ఉన్నాయి, నేల మీద మునుపటి గురి మాత్రం లేదు. ఏది మేలో నాకు తెలియదు. అమ్మ చేతులు గుర్తొస్తే ఇదే మేలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్న జులేఖాకి పని పడింది, పిల్లల పుట్టినరోజని వాళ్ల మేడమ్ పిలిచింది. నేనూ అక్కా గోడ మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ పలకలు పెడుతున్నాం. కొన్ని తెల్లవి, కొన్ని బూడిదరంగువి, ఒక అరడజను మీద నారింజకాయలు ఉన్నాయి. అక్క మోకాళ్ల కింద దిండు వేసుకుంది. రోలు పెట్టే మూలకి వచ్చేసరికి అక్కడొక నారింజకాయల పలక పెట్టి, అరచేత్తో ఒత్తి, "ఇక్కడ ఎవరూ బరువు పెట్టకండే నేనెల్లేక," అంది.

అప్పుడు చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. నీళ్లు, బకెట్లు, చిత్తడి చప్పుడు, పొడిగా ఉన్న మూల, నేను కలిపేసిన ఇసుక, అన్నీ చెప్పాను. ఆగకుండా ప్లీడరు గారిల్లు కూడా చెప్పాను. కాలవ గట్టు, గోనెపట్టాలు, బెల్లం సూరమ్మ. నీళ్లు పొయ్యక ఒక నేల పగలగొట్టి, ఆ భయంతో జీవితమంతా నీళ్లు పోసి ఇంకో నేల పగలగొట్టానని, రెండుసార్లూ నింద ఇంకొకళ్ల మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నానని చెప్పాను.

మరియమ్మ అక్క చేతిలో తాపీ కింద పెట్టింది. "నేను టిక్కెట్టు డబ్బులు తీసినప్పుడైనా సెప్పలేకపోయావా?" అంది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు అలా వినలేదు. లేచి, మోకాళ్లు పట్టుకుని, వసారాలోకి వెళ్లి గోడకి తల ఆనించి కూర్చుంది. నేను పలకలు పెడుతూనే ఉన్నాను. గమ్ము ఎండిపోతుందని కాదు, ఆవిడ వైపు చూసే మొహం లేక.

తర్వాత జరిగింది రెండు మాటల్లో చెప్తాను. ఆ సాయంత్రమే బషీర్ భాయ్ దగ్గరకి వెళ్లి, రాయి కాదు, నేనూ నా బకెట్లూ అని చెప్పాను. ముదీర్ వచ్చి, రకరకాల పలకలున్న నేల చూసి కనుబొమలెగరేశాడు, బూటుతో రెండుసార్లు తట్టాడు, కాగితం మళ్లీ రాశాడు. వెళ్తూ వెళ్తూ బషీర్ భాయ్ మా పెద్ద బకెట్టు పట్టుకుపోయాడు. క్రిస్మస్ టిక్కెట్టు నేనూ జులేఖా కలిసి కొన్నాం, వెళ్లి రావడానికి. అక్క వెళ్లి వచ్చింది. ఇవాళ కూడా పొద్దున్న చింతకాయ తొక్కు దంచింది, నేను తడిగుడ్డతో నేల తుడిచాను.

ఇదంతా తర్వాత. ఆ ఆదివారం అక్క వసారాలోంచి చాలాసేపటికి వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని, దిండు సర్దుకుని, నా పక్కనే మళ్లీ మోకాళ్ల మీద వంగింది. పలక ఒకటి తీసి గమ్ము పూసింది. కోపం పోలేదు, మొహంలో కనిపిస్తూనే ఉంది. పలక పెట్టకుండా చేతిలో పట్టుకునే అడిగింది.

"ఆ పగుళ్లు సన్నగా వల్లాగున్నాయన్నావు కదా. మా అరుగు మట్టితో మెత్తి ఎండలో వదిలేత్తే అలాగే పగిలేది. అది ఎండి పగిలిందని మాకే తెలిసేది. మీ అమ్మకి తెలీదా?"

నేను ఇంకో పలక తీసి గమ్ము పూశాను.

"మళ్లీ ఏసిందన్నావు. ఆ రెండోసారి నీళ్లు తడపడానికి ఎవరెల్లేరు?"

"అమ్మే వెళ్లింది. పది రోజులూ, పొద్దునా సాయంత్రం. ఇంకో చోట కూలి పని చేసి వచ్చి మరీ వెళ్లేది."

"నిన్ను పంపలేదా?"

"లేదు."

"ఎందుకు పంపలేదే?"

ఇన్నేళ్లూ నేను అది ప్లీడరు గారి భార్య కోపం వల్లేననుకున్నాను. బతికిపోయాననుకున్నాను. ఆ గుమ్మంలో అమ్మ తల వంచుకుని నిలబడ్డప్పుడు, ఒక్క మాట, మా పిల్ల నీళ్లు చల్లలేదమ్మగారూ అన్న ఒక్క మాట అనుంటే, బెల్లం సూరమ్మ అయ్యేది కాదు. కల్యాణి అక్కడే ఉంది. అమ్మ ఆ మాట అనలేదు. ఆ పూట అనలేదు, ఆ వీధిలో అనలేదు, నా చేత్తో ముద్దలు తింటూ కూడా అనలేదు. నేను సిగ్గుతో వెళ్లలేదని తెలిసి, మళ్లీ ఆ సిగ్గు పడకుండా తనే బకెట్టు పట్టుకుని వెళ్లింది.

అమ్మ పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చేతులకి గమ్ము, కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు. మరియమ్మ అక్క తన కొంగు విప్పి నా మొహం తుడిచింది, గట్టిగానే తుడిచింది.

"పలక జారిపోతంది," అంది. "పట్టుకో."

పట్టుకున్నాను.